తూర్పు గుమ్మం, పడమటి గురి

జపాను వాడు మన తీరంలో ఎందుకు దిగలేదని పండితులు ఇప్పటికీ జుట్టు పీక్కుంటున్నారు. అనవసరం! ఆ ఘనత మేస్త్రీ కూర్మయ్యది.

పాతికేళ్ల కిందట, యుద్ధం రోజుల్లో, నరసన్నపేటకు తూర్పున ఒక చేపలపేట ఇసుకదిబ్బ మీద మిలట్రీ వాళ్లు కాంక్రీటు గది కట్టించారు. మూరెడు మందం గోడలు. ఊరివైపు మనిషి దూరే గుమ్మం, సముద్రంవైపు తుపాకీ పెట్టే సన్నటి కంత అని దొరలు ప్లాను ఇచ్చి వెళ్లారు. కూర్మయ్యకి అది నచ్చలేదు. తూర్పు గుమ్మం లేని కొంప కట్టి ఎరగడాయన. ఉండబోయే సిపాయిలు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి కదా? అంచేత గుమ్మం సముద్రానికి పెట్టాడు. కంత ఊరికి పోయింది.

ఇక దాని పనితనం చూడండి. శత్రువు పడవ దిగి, కాళ్లు కడుక్కుని, గుమ్మంలోంచి దర్జాగా లోపలికి రావచ్చు. మన సిపాయిలు అతనికి వీపు అప్పగించి, దిబ్బ వెనకే కాపురముండే చేపల తాతమ్మ కోళ్లగూటిని తూట్లు పొడవచ్చు! ఇంత మర్యాద చూసి జపాను వాడు జడిసి ఉంటాడు. వాస్తుబలం అంటే అదీ.

తర్వాత తాతమ్మ అందులో ఉప్పుచేపలు దాచుకునేది. కిందటి కార్తీకంలో తుపాను తాటాకిళ్లన్నీ ఎత్తుకుపోతే, పేటంతా ఆ గదిలో దూరి, గుమ్మానికి తెప్పదుంగలు అడ్డం వేసి బతికి బయటపడింది. తాతమ్మ మనవరాలు అక్కడే, చేపలబుట్టల మధ్య పుట్టింది. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, తాతమ్మ ప్రాణం ఆ గదిలోనే ఉంటుంది.

ఈ సంగతి సర్కారు చెవిన పడింది. మళ్లీ తుపాను కాలం వచ్చేసరికి ఆఫీసరు నరసింగరావుగారు ఇనపతలుపూ తాళంకప్పా వేసుకుని జీపు దిగారు. మిలట్రీ ఆస్తిలో చేపల కంపేమిటన్నారు. శత్రువు వస్తే దేశం ఏమైపోవాలన్నారు. పోనీ తుపానుకి వేరే గది కట్టించండని పేటవాళ్లంటే, దానికి బడ్జెట్టు లేదన్నారు. ఏటేటా వచ్చేది శత్రువు లెక్కలోకి రాదట!

గుమ్మానికి తలుపు బిగిసి, తాళం పడింది. పిల్లను చంకనేసుకుని తాతమ్మ గోడకి జేరబడింది. ఆఫీసరుగారు గది చుట్టూ తిరిగి, పడమటి కంత చూసి, కట్టినవాడు ఎంత తెలివితక్కువ దద్దమ్మో అని నవ్వారు.

తాతమ్మ కంత వంకా చూసింది, రోడ్డు వంకా చూసింది.

"మేస్తిరిని తిట్టకండి బావూ. జపానోడు సంద్రమేపు నుండి రానే నేదు. మా కొంప ముంచినోలందరూ ఈ రోడ్డేపు నుండే వచ్చినారు."

కంతకి సరిగ్గా ఎదురుగా, గురి తప్పకుండా, జీపు ఆగి ఉంది.