మూడో నంబరు మెషీన్ మీద ఆదర్శ వాక్యం

నిప్పు కనిపెట్టాక మనిషి మళ్లీ చేసిన అంతటి గొప్ప పని, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మా లాండ్రీలో నోరు విప్పడానికి ఒక విభాగం పెట్టడం. (అంతకుముందు మాకు నోళ్లు లేవని కాదు, వాటికి విభాగం లేదు.)

హెడ్డాఫీసు ఒక ఇంగ్లీషు జాతీయం పంపించింది: స్పీక్ అప్. దాన్ని బోధించడానికి నోటి వ్యవహారాల అధికారి దిగాడు. అర్థం: మనసులో మాట భయపడకుండా పైకి చెప్పడం. గమనిక: అధికారి చెబుతుండగా మధ్యలో మాట్లాడరాదు.

చివర్లో పరీక్ష. ఆ జాతీయానికి తగిన సొంత వాక్యం రాయాలి. నేను తూకం గుమాస్తాని, బతకనేర్చినవాణ్ణి. "మా మేనేజరుగారు ఎవరేం చెప్పినా వింటారు" అని రాసి చేతులు దులుపుకున్నాను. దుప్పట్లు ఆరబెట్టే మూడో నంబరు మెషీన్ దగ్గర పనిచేసే అక్క మాత్రం ఇలా రాసింది: "మూడో నంబరు తలుపు గొళ్లెం ఊడిపోయింది. తిరుగుతుండగానే తెరుచుకుంటోంది. ఎవరి చెయ్యో పోయేదాకా చూడకండి సార్."

అధికారి కళ్లు చెమర్చాయి. "ఆహా! వాడుక అంటే ఇదమ్మా!"

పదికి పది. వాక్యాన్ని అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, ఆ మెషీన్ పైనే మేకు కొట్టి తగిలించారు. (ఆ మేకు గొళ్లానికి సరిగ్గా సరిపోయేది.) రోజూ పని మొదలెట్టే ముందు అరవైమందిమీ దాన్ని ఒక్క గొంతుతో చదవాలి. "సార్" దగ్గర కాస్త తగ్గాలి.

అక్క వారం రోజులు ఓపిక పట్టి, నన్ను తోడు తీసుకుని అధికారి గదికి వెళ్లింది.

"చదువుతూనే ఉన్నాం సార్. గొళ్లెం ఎప్పుడు వేయిస్తారు? నిన్న దుప్పటితోపాటు నా చెయ్యీ లోపలికి పోబోయింది."

ఆయన నొచ్చుకున్నాడు. "గొళ్లెం వేయిస్తే వాక్యం అబద్ధమైపోదూ తల్లీ? పద్నాలుగు శాఖలకు పంపించాం!"

"అయితే వాక్యం మార్చండి."

"మార్చాలంటే మళ్లీ పరీక్ష పెట్టాలి. అది వచ్చే ఏడాది."

నాకు ఒళ్లు మండింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. (నా కుర్చీ గుర్తొచ్చి మింగేశాను.)

మర్నాడు పొద్దున అందరం చదువుతుంటే అక్క నోరు తెరవలేదు. సాయంత్రానికి మెమో వచ్చింది: "మౌనంగా ఉన్నందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను."

మెమోలు పంచడం నా పనే. అక్క చేతికిచ్చి సంతకం తీసుకున్నాను. చెయ్యి ఇంకా ఉంది కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు.