ప్రత్యేక శ్రద్ధ

ఒక పెద్ద అడవిలో ఒక బడి ఉంది. అక్కడ లెక్కలు చెప్పే దున్నపోతును నేనే. నా క్లాసులో ఎవరూ కదలరు. అది నా క్రమశిక్షణ అని నేను చెప్పుకుంటాను. పిల్లలు నిద్రపోతున్నారని గిట్టనివాళ్ళు అంటారు.

కదిలేది ఒక్క చిటుకు, ఉడుత పిల్లాడు. లెక్క సగం చేసి కొమ్మెక్కుతాడు, దిగొచ్చి ఇంకో లెక్క మొదలుపెడతాడు. నాకు ఒళ్ళు మండి హెడ్మాస్టరు ఎలుగుబంటికి చెప్పాను. ఆయన చిటుకు వాళ్ళమ్మను పిలిపించి టీసీ తీసుకెళ్ళమన్నాడు.

"టీసీ ఇస్తే వీణ్ని ఏ బడి చేర్చుకుంటుంది సార్?" అంది ఉడుతమ్మ. "కొంగ డాక్టరుగారికి చూపించాం. ఇది పొగరు కాదు, వాడి బుర్ర తీరే అంత అన్నారు. మధ్యమధ్యలో ఓసారి చెట్టెక్కి రానివ్వండి, చాలు."

"ఒకణ్ని ఎక్కనిస్తే రేపు ఏనుగు పిల్ల కూడా ఎక్కుతానంటుంది" అన్నాడు ఎలుగుబంటి. "అయినా మాకూ జాలి ఉంది. పరీక్షలో మీవాడికి ప్రత్యేక శ్రద్ధ, అదనంగా ఓ గంట ఇస్తాం. తప్పితే మాత్రం టీసీయే."

ప్రత్యేక శ్రద్ధ అంటే వాడు కదలకుండా నేను ఎదురుగా కూర్చుని కాపలా కాయడం. అదనపు గంట అంటే ఆ కదలకపోవడం ఇంకో గంట.

పరీక్షనాడు గుడ్లురిమి కూర్చున్నాను. మేత బరువో, నా లెక్కల మహిమో, కునుకు పట్టింది. లేచేసరికి చిటుకు కొమ్మ మీద నుంచి దిగుతున్నాడు. పలక నిండిపోయింది. అన్నీ ఒప్పే.

నాకు శాలువా కప్పారు. "ఈ పద్ధతి రేపు నా కళ్ళ ముందు ఇంకోసారి చేసి చూపించండి మాస్టారూ" అన్నాడు ఎలుగుబంటి.

శాలువా పరువు కోసం మర్నాడు మిరపకాయలు నమిలి మేలుకున్నాను. చిటుకు కదల్లేదు. కదలకుండా ఉండటానికే వాడి ఓపికంతా సరిపోయింది. పలక ఖాళీ. ఎలుగుబంటి టీసీ మీద సంతకానికి పంజా ఎత్తాడు. ఉడుతమ్మ నా వైపు చూసింది. నాకు సిగ్గేసింది.

"సార్, నిన్న నేను నిద్రపోయాను" అన్నాను. "వాడు చెట్టెక్కి వచ్చి రాసుకున్నాడు."

ఎలుగుబంటి ఎత్తిన పంజా దించాడు. సరే, చెట్టెక్కనిద్దాం అంటాడనుకున్నాను. కానీ ఒకసారి కాదన్నదాన్ని అవునంటే ఆఫీసు పరువేం కాను? అందుకని ఆర్డరు వేశాడు: లెక్కల మాస్టారు క్లాసుకోసారి తప్పనిసరిగా నిద్రపోవాలి.

నిద్రే డ్యూటీ అయ్యాక అది పట్టి చస్తేనా? కళ్ళు మూసుకుని ఉత్తుత్తి గురక పెడుతున్నాను. చిటుకు చెట్టెక్కి వచ్చి లెక్కలు చేసుకుంటున్నాడు.

నీతి: పిల్లలకు సాయం చేయడం చేతకాని గురువు కనీసం గురక పెట్టడమైనా నేర్చుకోవాలి.