డబ్బీలో కలబంద

ఆ మధ్య మా ఆవిడ తొమ్మిది రోజులు నోరు మెదపలేదని చెప్పగానే మీరంతా నా వంక అసూయగా చూస్తున్నారు. చూడకండి. ఆ తొమ్మిది రోజులూ ఆ ఇంట్లో ఉన్నవాణ్ణి నేను.

మీకు తెలిసిందే, ఆవిడ బస్‌స్టాండులో అనౌన్సరు. ఆవిడ చెప్పాకే డ్రైవర్లకి కూడా తామెక్కడికి వెళ్తున్నారో తెలుస్తుందని నా అనుమానం. ఏడేళ్లుగా ఆ ఉద్యోగం టెంపరరీ. సోమవారం గొంతు పరీక్ష పెట్టి, నెగ్గితే పర్మనెంటు చేస్తామన్నారు. సరిగ్గా పది రోజుల ముందు నోటిపూత వచ్చింది. నాలుక అంచున మూడు పుళ్లు, చెంప లోపల రెండు. పళ్ల డాక్టరమ్మ చిన్న డబ్బీలో పూతమందు ఇచ్చి, మాటలు తగ్గించమంది. మా ఆవిడ ఏ పనీ సగం చేయదు. మాటలు పూర్తిగా మానేసి పలక పట్టింది.

నేనేమో కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేవాణ్ణి. "ఇది కనిపిస్తోందా? ఇప్పుడో?" అనడంతో నా రోజువారీ సంభాషణ అయిపోతుంది. ఇంట్లో మాట్లాడే శాఖ మొత్తం ఆవిడదే. ఆ శాఖ మూతపడేసరికి గోడ గడియారం చప్పుడు వినపడి నాకు భయమేసింది. ఆ భయంతో నేనే మొదలుపెట్టాను. కళ్లజోడు నెత్తిమీదే పెట్టుకుని, అది పోయిందని నామీద కేకలేసిన ప్లీడరుగారి సంగతి చెప్పాను. ఆవిడ నొప్పికి నవ్వలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మర్నాడు ఇంకొకటి చెప్పాను.

కానీ శనివారానికి కూడా పలక దిగలేదు. సోమవారం మాట పెగలకపోతే ఏడేళ్ల ఎదురుచూపు గంగలో కలుస్తుంది.

ఆ రోజే దుకాణానికి సర్వరోగాల తాత వచ్చాడు. అందరికీ అడక్కుండా మందు చెప్పే మనిషి. "కలబంద రాయవయ్యా. చర్మానికైనా నోటికైనా అదే" అన్నాడు.

ఇంటికొచ్చి సంగతి చెప్పాను. పలక మీద జవాబు వచ్చింది: "వద్దు."

"ఎందుకొద్దు?"

"మడమ పగుళ్లకి మైనం."

అది నేను చేసిన వైద్యమే. రాసుకున్నాక ఆవిడ వంటింట్లోంచి హాల్లోకి నడవకుండానే జారుకుంటూ వచ్చేసింది.

"అది మైనం. ఇది మొక్క."

"వైద్యుడు మీరే కదా."

ఇక చెప్పి లాభం లేదనుకున్నాను. ఆదివారం పొద్దున ఆవిడ బట్టలారేయడానికి డాబా మీదికి వెళ్లగానే, బాల్కనీ కుండీలోని కలబంద మట్ట ఒకటి కోసి, తోలుతో సహా మిక్సీలో వేశాను. డబ్బీలో ఉన్న మందు సింకులోకి గీకేసి, నా గుజ్జు నింపాను. నింపాక మనసొప్పలేదు. ఆవిడ నోటితో ప్రయోగమా? ముందు నేనే చెంచాడు నోట్లో పెట్టుకుని, మిగిలింది అప్పుడే గడ్డం గీసుకున్న చెంపకి పట్టించాను.

ఆ చేదుకి కళ్లమ్మట నీళ్లు కారాయి. నాలుక మొద్దుబారి నోట్లో ఎవరిదో పెట్టినట్టుంది. చెంప ఎర్రగా పొంగింది. ఆవిడ ఖాళీ బకెట్టుతో దిగొచ్చి, నన్ను చూసి, పలక అందుకుంది.

"ఏమైంది?"

నాకూ మాట రాలేదు. పలక లాక్కుని రాశాను: "చీమ కుట్టింది."

దాని కిందే రాసింది: "నోట్లోనా?"

ఇంట్లో ఉన్నది ఒక్క పలక, ఒక్క బలపం. దానికోసం ఇద్దరం పెనుగులాడుతుండగా ఆవిడ చూపు డబ్బీ మీద పడింది. మూత తీసి వాసన చూసింది.

"నోరు తెరవండి," అంది.

బస్‌స్టాండులో వినపడేంత స్పష్టంగా అంది. నేను అలాగే తెరిచి ఉండిపోయాను.

చల్లటి నీళ్లతో పుక్కిలింపించి, చెంప కడిగింది. "మట్ట కోశాక నిలబెట్టి ఆ పసుపు జిగురంతా కారిపోనివ్వాలి. తోలు తీసి గుజ్జు కడగాలి. డాక్టరమ్మ మందు మంగళవారమే అయిపోయింది. ఆవిణ్ణి అడిగే నేను కలబంద రాసుకుంటున్నా. డబ్బీలో ఉన్నది అదే. ఎక్కడ పోశారు?"

నేను సింకు వైపు చూపించాను.

పలక మీద రాశాను: "ఎప్పుడు తగ్గింది?"

"శుక్రవారం."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ తడిగుడ్డతో నా చెంప అద్దింది.

"పెళ్లయి పదహారేళ్లు. మీరు వాక్యం మొదలుపెట్టి చివరిదాకా వెళ్లడం ఈ వారమే చూశాను. నేను నోరు తెరిస్తే ఆపేస్తారేమోనని ఊరుకున్నా. పరీక్షకి డాబా మీద సాధన చేసుకుంటున్నాలెండి."

నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, చెంప మంటకి అనుకోమన్నట్టు ముఖం పెట్టాను. ఆవిడ అలాగే అనుకున్నట్టు నటించింది.

సోమవారం పరీక్ష నెగ్గింది. ఆ సాయంత్రమే నాకు నాలుక తిరిగింది.

ఇంకాసేపు కూర్చోమంటారా? కుదరదండీ. ఇవాళ్టి సంగతులు మొత్తం మీ దగ్గరే ఖర్చుపెట్టేశాను. ఆవిడ డ్యూటీ దిగే వేళయింది. ఇల్లు చేరేలోగా చెప్పడానికి దారిలో ఇంకేదైనా వెతుక్కోవాలి.