నాలుగో గడి

నాగరికత అంటే మరేమీ కాదు, వరుసలన్నీ ఒకే పొడవున ఉండటమే. ఈ సత్యాన్ని కనిపెట్టింది వరుసల సమానత విభాగం. (అంతకు ముందు జనం ఎలా బతికారన్నది ఆ విభాగానికి ఇప్పటికీ అంతుబట్టలేదు.) దాని నియమం ఒక్కటే. బడిలో పనిచేసే ప్రతి మనిషికీ ఒక వరుస, ప్రతి వరుసకీ నాలుగు గళ్ళు: పేరు, పని, వయసు, జీవిత భాగస్వామి. గడికీ గడికీ మధ్య ఒక కామా. ఐదోది చెబుతామన్నా వినరు, మూడింటితో ఊరుకోరు.

లెక్కల మాస్టారి భార్య పోయి నాలుగు నెలలయింది. ఏడాదికోసారి వచ్చే సవరణల రోజున ఎవరి వరుస వాళ్ళే సరిచూసుకోవాలి. మాస్టారు బడి కంప్యూటరు ముందు కూర్చుని, తన వరుస చివర ఉన్న పేరును ఒక్కొక్క అక్షరమే చెరిపారు. లేనిదాన్ని ఉన్నట్టు రాయడం ఆయనకు చేతకాదు. పేరు పోయాక దాని ముందున్న కామా ఒంటరిగా మిగిలింది. నల్లబల్ల తుడిస్తే మూలన సుద్ద చార కూడా మిగలనివ్వని మనిషి ఆయన. దాన్నీ చెరిపేశారు.

విభాగం వారి సాఫ్ట్‌వేర్ మూడు గళ్ళ దగ్గర ఆగే రకం కాదు. నాలుగోది దొరక్కపోతే కింది వరుసలోకి దిగి, మొదట ఏది కనిపిస్తే దాన్ని పట్టుకొస్తుంది. కింది వరుస డ్రిల్లు మాస్టారిది. ఆ విధంగా లెక్కల మాస్టారి జీవిత భాగస్వామిగా డ్రిల్లు మాస్టారు నమోదయ్యాడు. ఆయన పేరు పైకి వెళ్ళిపోయింది గనుక, ఆయన వరుసలో పేరు "డ్రిల్లు" అయింది, పని "నలభై ఏడు" అయింది, వయసు దగ్గర భార్య పేరు పడింది, భార్య దగ్గర డ్రాయింగు టీచరు వచ్చి కూర్చుంది. అలా కిందనున్న ముప్ఫై మందీ తమ తర్వాతివాళ్ళను చేసుకున్నారు. అందరికంటే కింద గేటు కాపలాదారు. అతని తర్వాత ఎవరూ లేరు. అసంపూర్ణమైన వరుస కింద లెక్కగట్టి విభాగం అతన్ని తొలగించింది. అప్పట్నుంచీ అతను రోజూ హాజరు యంత్రం మీద వేలు పెట్టి, "మీరు లేరు" అనిపించుకుని, వెళ్ళి గేటు తీస్తున్నాడు.

వారం తిరక్కుండా దంపతుల ఆరోగ్య పరీక్షకు రమ్మని ఇద్దరు మాస్టర్లకూ కలిపి ఒకే కవరు వచ్చింది. ముందు విభాగానికి వెళ్ళి సంగతి తేల్చుకుందామనుకున్నారు.

"ఏమండీ, బయల్దేరదామా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు, స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి మెలికలు తిరుగుతూ.

అందరూ పగలబడి నవ్వారు. లెక్కల మాస్టారు కూడా నవ్వారు, ఒక్క క్షణం ఆలస్యంగా. ఇంట్లో ఆ పిలుపు వినపడక నాలుగు నెలలు. డ్రిల్లు మాస్టారు నాలుక కరుచుకున్నాడు.

"తప్పయిపోయింది మాస్టారూ. నా నోటి దురద."

"ఫర్వాలేదులేవయ్యా. మబ్బు పట్టింది, గొడుగు తెచ్చుకో."

దారిలో డ్రిల్లు మాస్టారు తన కష్టం చెప్పుకున్నాడు. "నా వయసు మా ఆవిడట. వాళ్ళు సరిగ్గా రాసింది అదొక్కటేనండీ. చేసుకున్న రోజు నుంచీ పెరగడమేగాని తగ్గింది లేదు."

ఉప వరుసాధికారి బల్ల మీద పెన్సిళ్ళన్నీ ఒకే పొడవున ఉన్నాయి. (అన్నిటికంటే పొట్టిదానికి సమానమయ్యేదాకా మిగిలినవాటిని చెక్కారు.)

"సాఫ్ట్‌వేర్ తప్పు చెయ్యదండీ," అన్నాడాయన. "మీ వరుసే పొట్టిగా ఉంది."

"మా ఆవిడ పోయిందండీ."

"అయ్యో." (ఇది నిబంధనల్లో ఉంది.) "మరి గడి సంగతేంటి?"

"పెళ్ళికానివాళ్ళు 'వర్తించదు' అని రాస్తారుగా సార్. అదే రాసేస్తే పోలా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"ఆయనకి ఒకసారి వర్తించిందిగా. ఇప్పుడు కాదంటే ఎలా?"

అధికారి మూడు మార్గాలు చూపించాడు. బతికున్న వేరొకరి పేరు రాయడం. లేదా పాత పేరే ఉంచి, ఆవిడ ఉన్నదని సంతకం చేయడం. అదీ కాదంటే, బడిలో అందరూ తమ తమ నాలుగో గడిని వదులుకుని ఆయనతో సమానం కావడం. (ఈ చివరి మార్గానికి స్టాఫ్‌రూమ్‌లో ఊహించినదానికంటే ఎక్కువ మద్దతు లభించిందని తర్వాత తెలిసింది.) శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చకపోతే ఇప్పుడున్న జతలే ఖాయం. కాపలాదారు లేకపోవడమూ ఖాయం.

రెండో మార్గం ఫారం ముందు మాస్టారు చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ ఉన్నదని ఒప్పుకోవడానికి ఒక కార్యాలయం సిద్ధంగా ఉంది. ఒక్క సంతకం చాలు.

"పెట్టేయండి మాస్టారూ," అన్నాడు డ్రిల్లు మాస్టారు మెల్లగా. "ఎవరికి నష్టం?"

"రేపు తప్పు చేసిన పిల్లాడికి మార్కులు ఏ మొహంతో కొట్టేస్తానయ్యా?" అని మాస్టారు పెన్నుకు మూత పెట్టేశారు.

ఫారం తిరిగి ఇచ్చేయబోతే, కౌంటరులోని కళ్ళద్దాలావిడ కంప్యూటరులో ఆయన వరుస తీసి చూసింది.

"పేరుతో పాటు కామా కూడా చెరిపేశారా మాస్టారూ?"

"తర్వాత ఏమీ లేదు కదమ్మా. ఇంక అదెందుకని..."

"పేరు తియ్యొచ్చండీ. చోటు తియ్యకూడదు. కామా ఉంటే అక్కడో గడి ఉందని, అందులో ఎవరూ లేరని దీనికి తెలుస్తుంది. ఇంకొకళ్ళని తెచ్చి కూర్చోబెట్టదు."

"మరి ఆ సార్ చెప్పలేదే?"

"ఆయన దగ్గరికి వరుసలు సమానమయ్యాకే వెళ్తాయండీ. ఇలాంటివి ఆయన చూడలేదు."

ఆవిడ కామా పెట్టింది. ముప్ఫై మందీ ఎవరింటికి వాళ్ళు చేరుకున్నారు. డ్రిల్లు మాస్టారికి నలభై ఏడేళ్ళు తిరిగొచ్చాయి. కాపలాదారు మళ్ళీ ఉన్నాడు. (ఇన్నాళ్ళూ ఎందుకు లేడో సంజాయిషీ ఇమ్మని అతనికి విడిగా కాగితం వెళ్ళింది.)

ఆమోదపత్రం బయటికొచ్చింది. "నాలుగవ గడిని ఖాళీగా ఉంచుకొనుటకు అనుమతించడమైనది. గడువు ఒక సంవత్సరము. పిదప, గడి ఇంకనూ ఖాళీగానే ఉన్నదని దరఖాస్తు చేసి పొడిగించుకొనవలెను."

"ఏటా రావాలా అమ్మా?"

"రావాలండీ. ఫారాలు ఇప్పుడే తీసుకెళ్తే వాటి కోసం లైన్లో నిలబడటం ఒకటి తప్పుతుంది. ఎన్నివ్వమంటారు?"

మాస్టారు కాసేపు మనసులో లెక్క వేశారు.

"ఇరవై ఇవ్వమ్మా," అని, పక్కనున్న డ్రిల్లు మాస్టారిని చూపించారు. "నా తర్వాత మిగిలినవి ఇతను తెచ్చి తిరిగి ఇచ్చేస్తాడు."