పదకొండుమంది డాక్టర్ల సీమంతం

ఆ శనివారం పొద్దున అమెరికాలోని హెర్న్‌డన్‌లో కేశవరావుగారింట్లో ఉన్నవాళ్లు వీళ్లు: ప్రసూతి డాక్టర్లు పదకొండుమంది, ఫొటోగ్రాఫరు ఒకడు, కేటరింగువాళ్లు ముగ్గురు, గుమ్మం దగ్గర వాలంటీరు ఒకరు, కేశవరావుగారు, ఆయన ఉపన్యాసం, ఒక గర్భిణి, ఆ గర్భిణి కూతురు అవని. డాక్టర్లలో ఒకరు కేశవరావుగారి శ్రీమతి ఉమగారే. హై రిస్క్ కాన్పులకు ఆమెను మించినవారు లేరని హాలు గోడమీది ఫలకాలన్నీ ఏకగ్రీవంగా చెబుతున్నాయి.

కేశవరావుగారు తెలుగు మాతృ సంక్షేమ సమితి చైర్మన్. వచ్చే నెల ఎన్నికలయ్యాక తెలుగువాళ్ల పెద్ద సంఘానికి ప్రెసిడెంటు. "ఈ కౌంటీలో ఏ తెలుగు తల్లీ డాక్టర్ లేకుండా కనడానికి వీల్లేదు!" అని ఆయన ప్రకటించి పది రోజులైంది. ఆయన మాటలతో సరిపెట్టే మనిషి కాదు. మర్నాడే గాజులు ఆర్డర్ చేశారు. 'మెడికెయిడ్ తల్లులకు సామూహిక సీమంతం' అని బ్యానర్ కట్టించారు. మెడికెయిడ్ అంటే బీదలకు సర్కారిచ్చే ఇన్సూరెన్స్; దానిలో డాక్టర్లకు వచ్చే ఫీజు తక్కువ. సామూహికానికి ఒక్కతే వచ్చింది. ఆయనకు తెలిసిన మిగతా గర్భిణులందరికీ ఆఫీసు ఇన్సూరెన్స్ ఉండి, పాపం, అర్హత లేకపోయింది.

గుమ్మం దగ్గర వాలంటీరు అనుష్క కార్డు అడిగితే అవని బెదురుతూనే అమ్మ మెడికెయిడ్ కార్డు తీసి చూపించింది.

"పర్ఫెక్ట్! రండి, రండి, లోపలికి రండి!"

ఆ కార్డు చూసి రండి అన్న మనిషి ఈ దేశంలో ఆమె ఒక్కతే.

అవనికి పదిహేడేళ్లు. మెట్‌పల్లి దగ్గర పల్లెబడిలో పదో తరగతి దాకా చదివి, మేనత్త ఎప్పుడో పెట్టిన గ్రీన్‌కార్డు పిటిషన్ ఎట్టకేలకు పండితే రెండేళ్ల కింద అమ్మానాన్నలతో వచ్చింది. తండ్రి వెంకటస్వామి కిరాణా దుకాణంలో బియ్యం మూటలు దించుతాడు. తల్లి కృష్ణవేణికి నలభై రెండో ఏట, ఎవరూ అనుకోకుండా కడుపు పండింది. ఇప్పుడు ఏడో నెల. బీపీ పెరిగి ఎమర్జెన్సీకి వెళ్తే, హై రిస్క్ అని కాగితం రాసి, వారంలోగా స్పెషలిస్టును చూడకపోతే ఇద్దరికీ ప్రమాదమన్నారు. వారం గడిచి నాలుగు రోజులైంది.

ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది అవనికే. క్లాసులో 'ప్రెజెంట్' అనడానికే గొంతు పెగలని పిల్ల, అడగాల్సిన మాటలన్నీ ముందు డైరీలో రాసుకుని, రెండుసార్లు చదువుకుని, అప్పుడు డయల్ చేసేది. ఇన్సూరెన్సువాళ్లు దయతో పంపిన జాబితాలో ముప్పై ఏడు పేర్లున్నాయి. ఒక నంబరు పిల్లల పళ్ల డాక్టరుది. ఒక డాక్టరుగారు పోయి రెండేళ్లైంది; జాబితా ప్రకారం ఆయన కొత్త పేషెంట్లను ఇంకా తీసుకుంటూనే ఉన్నారు. ఒక ఆఫీసు నవంబరులో అపాయింట్‌మెంట్ ఇచ్చింది. కాన్పు సెప్టెంబరులో. క్లినిక్‌వాళ్లు హై రిస్క్ చూడం, స్పెషలిస్టు దగ్గరికి వెళ్లమన్నారు. స్పెషలిస్టు ఆఫీసువాళ్లు, మీ మామూలు డాక్టరు లెటర్ తెమ్మన్నారు. మామూలు డాక్టర్లు హై రిస్క్ కదా, స్పెషలిస్టు దగ్గరికి వెళ్లమన్నారు. అందరూ చాలా మర్యాదగా చెప్పారు. హ్యావ్ ఎ గ్రేట్ డే అనకుండా ఒక్కరూ ఫోన్ పెట్టెయ్యలేదు.

అటువంటిది, ఇప్పుడు పదకొండుమంది డాక్టర్లు వరుసలో నిలబడి అమ్మ కోసం ఎదురుచూస్తున్నారు!

"తల పగిలిపోతాంది బిడ్డా," అంది కృష్ణవేణి కుర్చీలో కూర్చుంటూ.

"జరంత సేపు ఓర్చుకో అమ్మా. అందరు డాక్టర్లే."

తలా నాలుగు గాజులు తొడగాలని ఏర్పాటు. మొదటి డాక్టరు త్రివేణిగారు గంధం రాసి, గాజు పట్టుకుని, ఆగిపోయారు. గాజు ఎక్కలేదు. శానిటైజర్ రాసి తోశారు.

"వేళ్లు బాగా వాచాయే! తలనొప్పి ఉందా? కళ్లు మసకలొస్తున్నాయా?"

"వస్తున్నయమ్మా."

పదకొండుమందీ గుమిగూడారు. ఎమర్జెన్సీలో తేలడానికి ఆరు గంటలు పట్టింది ఇక్కడ అర నిమిషంలో తేలిపోయింది. ఇవాళే స్పెషలిస్టు చూడాలని, తమ వంతు గాజులు ఎక్కిస్తూనే, అందరూ ఒక్క మాటగా చెప్పారు. అంతటి ఏకాభిప్రాయం ఆ సంఘం చరిత్రలోనే లేదు.

టీవీ కింద కేశవరావుగారి బీపీ మిషను ఉంది, మణికట్టుకు కట్టేది. త్రివేణిగారు దాన్ని అందుకోబోయారు.

"కేర్‌ఫుల్," అని ఉమగారు ఆమె చెవిలో అన్నారు. "చూశావంటే నీ పేషెంట్ అయిపోతుంది. రేపు ఏమన్నా అయితే లయబిలిటీ మనది."

త్రివేణిగారు చెయ్యి వెనక్కి తీసుకుని, పైకి ఆప్యాయంగా అన్నారు: "సీమంతం గాజులు తీయకూడదు కదండీ! బీపీ తర్వాత చూపించుకోండి. మంచి డాక్టర్‌కే చూపించండి."

అవని ఉమగారి వైపు తిరిగింది. ఈసారి డైరీలో రాసుకునే వ్యవధి లేదు.

"ఆంటీ, మీరే చూడరాదా?"

ఉమగారు నొచ్చుకున్నారు. "ఇవాళ నేను డాక్టర్‌గా లేనమ్మా, ముత్తైదువుగా ఉన్నాను. మండే మా ఫ్రంట్ డెస్క్‌కి కాల్ చెయ్యి."

"చేసిన ఆంటీ. పంతొమ్మిదో నంబర్ మీదే." అవని డైరీ తెరిచి చూపించింది. "మెడికెయిడ్ ఆపేసినమన్నరు."

"ఏంటమ్మా ఆ బుక్?" అంటూ కేశవరావుగారు వచ్చారు.

"ఫోన్ చేసిన డాక్టర్ల పేర్లు, అంకుల్. ముప్పై ఏడు."

"ఎవరెవరు తీసుకుంటారు?"

"ఎవ్వరూ తీసుకోరు అంకుల్."

"వండర్‌ఫుల్! ఇంత డేటా స్టేట్ గవర్నమెంట్ దగ్గర కూడా ఉండదు!" ఆయన అప్పటికప్పుడు మైకు అందుకున్నారు. నాయకుడంటే అదీ. "ఫ్రెండ్స్, లైవ్‌లో చూస్తున్న తల్లులందరికీ శుభవార్త! ఈ క్షణం నుంచి సమితి తరఫున హై రిస్క్ హెల్ప్‌లైన్! అమ్మా, నంబర్ చెప్పు."

"ఎవరి నంబర్ అంకుల్?"

"నీదేనమ్మా. నీకంటే ఎక్స్‌పీరియన్స్ ఎవరికుంది?"

అవని చెప్పింది. చప్పట్లు మోగాయి. ఉమగారు ఆమె భుజం మీద శాలువా కప్పారు. ఆ వెంటనే గ్రూప్ ఫొటోకు అందరూ సర్దుకుంటుండగా అవని ఫోన్ మోగింది.

"చూశారా! లాంచ్ చేసి రెండు నిమిషాలు కాలేదు!" కేశవరావుగారి కళ్లు చెమర్చాయి. "బయటికెళ్లి మాట్లాడమ్మా, ఇక్కడ వీడియో నడుస్తోంది."

అవని గుమ్మం దాటింది.

"హలో, హెల్ప్‌లైనేనా అండీ? నా పేరు శ్రీవల్లి. కవలలండీ, షుగర్ కూడా ఉంది. మాది మెడికెయిడ్. చూసే డాక్టర్ ఎవరన్నా ఉన్నారా?"

అవని వెనక్కి తిరిగి చూసింది. హాలు మధ్యలో అమ్మ. మోచేతుల దాకా గాజులు. చుట్టూ వంగి నవ్వుతున్న పదకొండుమంది డాక్టర్లు. అమ్మ రెండు చేతులతో కణతలు నొక్కుకుంటోంది.

"చేతులు దించండమ్మా, ఫేస్ కనబడట్లేదు," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఉన్నరండీ," అంది అవని. "పదకొండుమంది ఉన్నరు. లైన్‌ల ఉండండి, ఇప్పుడే అడిగి..."

"బయటి సౌండ్ వస్తోందమ్మా," అని కేశవరావుగారు చిరునవ్వుతో తలుపు వేశారు.