తూముల ఇంటిపేరు తూకం

మొదట్లో ఎల్లేశం చేతిలో ఉన్నవి ఇవీ: గోదావరిఖనిలో 'తూముల స్టీల్ హౌస్' అనే గిన్నెల దుకాణం, ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కొలువు చేస్తున్న కొడుకు వీరేందర్, మాటకు మాట అప్పజెప్పే భార్య యమున, కిటికీ పక్క మంచంలో తల్లి సారవ్వ, తాత నాటి ఇంటిపేరు. వీటన్నిటిలో పైసా ఖర్చు లేకుండా వచ్చింది ఇంటిపేరొక్కటే. అందుకే దాన్ని బోర్డు మీద గిన్నెల బొమ్మల కంటే పెద్దగా రాయించాడు.

రావలసింది కూడా ఒకటుంది. పెద్దపల్లి రైసుమిల్లు యజమాని చింతకింది రాయమల్లు కూతురు, కోడలిగా. మాట ఇంకా ఖాయం కాలేదు. అయినా ఎల్లేశం రాయమల్లును "బావా" అని పిలవడం మొదలుపెట్టాడు. సరుకు చేతికి రాకముందే బయానా ఇచ్చినట్టన్నమాట.

సకల జనుల సమ్మె ముగిసి దుకాణాలు తేరుకుంటున్న రోజుల్లో, ఒక ఆదివారం అన్నం ముందు కూచొని వీరేందర్ చెప్పాడు.

"బాపు, నేను గ్లోరియాను చేసుకుంట."

గ్లోరియా బడిలో టీచరు. ఆమె తండ్రి జాన్ ప్రసాద్ బొగ్గుబాయిలో పంపు నడుపుతాడు. ఎల్లేశం ముద్ద కంచంలో వదిలి నీళ్ల చెంబు అందుకున్నాడు. కాదనడానికి కారణాలున్నాయి గానీ ఒక్కటీ బయట పెట్టేది కాదు. మతం వేరు అందామంటే, దుకాణం గిరాకిలో సగం చర్చి కాలనీదే. మిల్లు మీద కన్ను పడిందందామంటే యమున ఊరుకోదు. సంబంధం పోవాలి, గిరాకి పోకూడదు. అలాంటి కారణం కావాలి.

నీళ్లు తాగేలోపు దొరికింది.

"వాళ్ల ఇంటిపేరేంది?"

"తూముల."

"మనదేంది?"

వీరేందర్ కంచం పక్కకు జరిపాడు.

"ఒక్క ఇంటిపేరంటె పాలోళ్లం. ఆ పిల్ల నీకు చెల్లె అయితది. నాకేం అడ్డం లేదు బిడ్డా, వరుసే ఒప్పుకుంటలేదు."

యమున పులుసు గరిటె పట్టుకొని వంటింట్లోంచి వచ్చింది. "ఖనిల తూములోళ్లు ఇరవై ఇండ్లున్నరు. అందరు నీ తమ్ములేనా? మరి పోయిన దసరాకు ఒక్కనికన్న తువ్వాల పెట్టినవా?"

"నువ్వు పులుసు పొయ్యి."

"పోస్త. నీకు నోరు మూతపడాలంటె అదే మార్గం."

మర్నాడు జాన్ ప్రసాద్ డ్యూటీ దిగి, మొహం కూడా కడుక్కోకుండా దుకాణానికి వచ్చాడు.

"ఎల్లేశమన్నా, మనం పాలోళ్లం గాదు. మా తాత దావీదు, ఆయన తమ్ముడు రాజయ్య కలిసి బాయిల కొలువుకు వచ్చిండ్రు. రాజయ్య తాత మనుషులను బాయిలకు దించే బోను లోపటికి దిగుడు చూసి భయపడి, పేరు రాయించుకున్న నాడే ఊరికి ఉరికిండు. పెండ్లి కాకుండనే పోయిండు. మాకు వేరే శాఖ లేదు."

ఎల్లేశానికి లోపల పండుగైంది. తన తాత పేరు తూముల రాజయ్య. అదే బాయిలో రిటైరయ్యేదాకా చేశాడు. "ఉరకలేదన్నా. ఆయనే మా తాత. మనం అన్నదమ్ములం. ఇంక పిల్లల ముచ్చట ఎట్ల మాట్లాడుతం చెప్పు?"

"ఊర్ల ఆయన సమాధికి నేనే సున్నమేసిన."

"సమాధి ఎవరిదో ఎవరికి ఎరుక?"

జాన్ ప్రసాద్ మొహంలో బొగ్గు కింద రంగు మారింది. "గ్లోరియాకు బెల్లంపల్లి నుంచి ఇంకొక సంబంధం వచ్చింది. ఈస్టరు దాక ఆగుత. తర్వాత నన్ను అడగొద్దు."

ఆ రోజు నుంచి వీరేందర్ ఇంట్లో తినడం మానేశాడు. మాట్లాడడమూ మానేశాడు. రిజిస్టర్ పెళ్లి కాగితాలు అతని చొక్కా జేబులో ఉన్నాయని యమున చెప్పింది. పిల్లవాడు ఆ గడప దాటితే మళ్లీ ఈ గడప తొక్కడని కూడా చెప్పింది. ఎల్లేశానికి ఉన్నది ఒక్క కొడుకు. నష్టం రాకుండా బేరం ముగించాలి.

అప్పుడే పేపర్లో చదివాడు. తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే దిగే గుర్తు ఒకటి మగవాళ్ల ఒంట్లో ఉంటుందట. అచ్చం ఇంటిపేరులాగే. చెంప లోపల పుల్లతో రుద్ది పంపిస్తే, ఒకే ఇంటిపేరున్న రెండిళ్లు ఒకే మూలం నుంచి వచ్చినవో కాదో చెప్పేస్తారట. హైదరాబాదులో ఏజెంటు కూడా ఉన్నాడు.

రెండు కుటుంబాలనూ కూచోబెట్టి ఎల్లేశం ప్రకటించాడు. "పరీక్షల ఒక్కటే అని వస్తె ఈ ముచ్చట మళ్ల ఎత్తొద్దు. వేరని వస్తె పండ్లు, పూలు నేనే పట్టుకొని జాన్ అన్న ఇంటికి పోత. వ్యాపారి మాట."

"గదే నా భయం," అంది యమున.

వీరేందర్ చాలా రోజుల తర్వాత తండ్రి కళ్లల్లోకి చూసి, "సరే బాపు," అన్నాడు. ఆ చూపు ఎల్లేశానికి ఎక్కడో గుచ్చుకుంది.

ఆ సాయంత్రం యమున చాయ్ ఇస్తూ అడిగింది. "దుకాణంల కొత్త కాంటా తెస్తె ముందుగాల ఏం చేస్తవ్?"

"తెలిసిన రాయి పెట్టి తూచి చూస్త."

"మరి ఈ పరీక్షను ఏ రాయితోని చూస్తవ్? అందరిని ఒక్కటే అనే మిషనైతె ఏం జేస్తవ్? మనకు ఏ సంబంధం లేని మనిషిది మూడోది పెట్టు. అది వేరని వస్తె మిషను మంచిదే."

భార్య నోట వ్యాపారం మాట రావడం ఎల్లేశానికి ముచ్చటేసింది. "ఎవరిది పెడ్దాం?"

"మీ రాయమల్లుది పెట్టు. ఆయన ఇంకా సంబంధం గాలేదు గద."

ఎల్లేశానికి ఆలోచన భలే నచ్చింది. గ్లోరియా గొడవ తన కళ్ల ముందే తెగిపోవడం రాయమల్లు చూస్తే, మిల్లు మాట అక్కడే ఖాయమవుతుంది.

నమూనాలు తీసిన రోజు పెద్ద రభస. రాయమల్లు జర్దా పాన్ నమలకుండా గంట ఉండలేడు. యమున అతని ముందు చెంబుతో నిలబడి పుక్కిలింపించింది. జాన్ ప్రసాద్ పుల్ల తీస్తే నల్లగా వచ్చింది. "ఇది బొగ్గా, వంశమా?" అన్నాడు రాయమల్లు. జాన్ ప్రసాద్ నవ్వలేదు.

తర్వాత ఎదురుచూపు. మొదట్లో ఎల్లేశం ఈల వేశాడు. పోనుపోను ఈల తగ్గింది. ఒక సంగతి ఊరికే గుర్తొచ్చేది. చిన్నప్పుడు ఎవరైనా "రాజయ్యా" అని పిలిస్తే తాత రెండోసారికి గానీ పలికేవాడు కాదు. చెవుడు అనుకునేవాళ్లు. కానీ గల్లాలో చిల్లర మోగితే వెంటనే తిరిగి చూసేవాడు.

ఫలితం ఈస్టరుకు ముందు వారం వచ్చింది. ఎల్లేశం ఇంట్లో అందరూ కూచున్నారు. రాయమల్లు మిఠాయి డబ్బా తెచ్చాడు. గ్లోరియా తండ్రి వెనక నిలబడి కొంగు అంచు మడతపెడుతూ, విప్పుతూ ఉంది. వీరేందర్ కంప్యూటర్ తెరిచాడు.

"తూముల జాన్ ప్రసాద్, తూముల ఎల్లేశం." ఆగాడు. "కలవలేదు. ఒక్క మూలం కాదు."

గ్లోరియా కూచుండిపోయింది. ఎల్లేశం గబుక్కున లేచాడు. "మిషను మంచిది గాదు. మూడోది చదువు."

"చింతకింది రాయమల్లు, తూముల ఎల్లేశం." వీరేందర్ రెండుసార్లు చూసుకున్నాడు. "కలిసింది. ముత్తాతల కాడ ఒక్కటే."

రాయమల్లు మిఠాయి డబ్బాను మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

అప్పుడు సారవ్వ మంచంలోంచి అంది. "మీ తాతకు చెవుడు లేదు బిడ్డా. ఆ పేరు ఆయనది గాదు. రాజయ్య ఉరికినంక ఆయన జాగల, ఆయన పేరు మీద బాయిల దిగిండు. గప్పుడు మారుపేరు మీద చేసినోళ్లు మస్తుమంది. అసలు పేరు చింతకింది మల్లయ్య."

"మల్లయ్యా?" రాయమల్లు లేచాడు. "మా తాత తమ్ముడు. గోదారి దిక్కు పోయి మళ్ల రాలేదన్నరు. పోయిండనుకొని ఏటా పెత్రమాసకు ఆయన పేరు మీద బియ్యం ఇస్తున్నం గదనే."

"గా రోజుల్ల ఆయన ఇక్కడ మేక తునకలు తింటుండె," అంది సారవ్వ.

"అవ్వా, నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బోర్డు రాయించేటప్పుడు నన్ను అడిగినవా?"

ఎల్లేశం అలవాటు కొద్దీ, "ఇప్పుడెట్ల బావా?" అన్నాడు.

"బావ ఏంది? అన్న అను," అన్నాడు రాయమల్లు. "నా బిడ్డ నీకు బిడ్డె. మంచిగైంది తమ్మీ. దాని పెండ్లి సామానంత నీ దుకాణంలనే తీసుకుంట. ఇంటోళ్ల దగ్గర లాభం చూడవు గద?"

అందరూ వెళ్లాక ఎల్లేశం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "నీకు ముందే ఎరుకనా?"

"రాయమల్లు సంబంధం అన్న నాడే అత్త చెప్పింది. ఆ పిల్ల మనోనికి చెల్లె అయితదని."

"నోటితోని చెప్పొచ్చు గద."

"చెప్తె ముసల్దానికి మతి లేదందువు, నాకు బుద్ధి లేదందువు. నా మాట నీకు ఎన్నడు తూగింది? కాంటా చెప్తె నమ్ముతవని ఊకున్న."

ఎల్లేశం పండ్ల బుట్ట మోసుకొని, యమునను వెంటబెట్టుకొని జాన్ ప్రసాద్ ఇంటికి వెళ్లాడు. తిరిగి వస్తూ దుకాణం ముందు ఆగి బోర్డు వైపు చూశాడు.

"పేంటరును పిలువాల్నా?" అన్నాడు నీరసంగా.

"ఎందుకు?" అంది యమున. "పెండ్లయినంక సెలవుల్ల గ్లోరియా గల్లా కాడ కూసుంటది. అసలు తూములోళ్ల బిడ్డ. బోర్డు ఇప్పుడే సరిగ్గున్నది."

ఎల్లేశం మనసులో లెక్క కట్టుకున్నాడు. పోయినవి: ఒక బావ, ఒక మిల్లు, అన్న గారికి అసలు ధరకు ఇవ్వాల్సిన పెండ్లి సామాను. వచ్చినవి: మళ్లీ ఇంట్లో అన్నం తింటున్న కొడుకు, ఒక కోడలు. ఆమె వెంట, తాత అరువు తెచ్చి వాడుకున్న ఇంటిపేరు, ఈసారి హక్కుతో.