ఇంటి మనిషికి టోకెను లేదు

యావన్మందికీ తెలియజేయడమేమనగా, వచ్చే ఆదివారం మాతృదినోత్సవం సందర్భంగా మా వీధి మలుపులోని పళ్ళ ఆసుపత్రిలో డాక్టరుగారి మాతృమూర్తికి ఘనసన్మానం జరుగుతుంది. అనంతరం తల్లులందరికీ ఉచితంగా పళ్ళు చూడబడతాయి. వీధివారంతా సకుటుంబంగా విచ్చేయగలరు. మాతృమూర్తిగారు కూడా వీలు చూసుకొని తప్పక రాగలరు.

ఈ ప్రకటన ఆసుపత్రి గోడ నిండా ఫ్లెక్సీగా వెలిసేనాటికి మాతృమూర్తిగారికి ఎడమవైపు కింది దవడ పన్ను మూడు వారాలుగా సలుపుతోంది. చిన్న విషయం. కార్యక్రమ వివరాల్లో దీనికి చోటు దొరకలేదు కాబట్టి నేనే ఇక్కడ చెబుతున్నాను.

నొప్పి మొదలైన రోజే ఆవిడ పెద్దకొడుక్కి చెప్పింది. పెద్దకొడుకంటే ఆ పళ్ళ డాక్టరే. అప్పుడాయన భోజనం చేస్తున్నాడు.

"తినేటప్పుడు పళ్ళ సంగతి ఎత్తకమ్మా. రోజంతా చూసేది అవే కదా. క్లినిక్కి వచ్చెయ్, అక్కడ చూస్తాను" అన్నాడు.

న్యాయమైన మాట. మర్నాడే ఆవిడ క్లినిక్కి వెళ్ళింది. టోకెన్లిచ్చే అమ్మాయి లేచి నిలబడి, మంచినీళ్ళిచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టింది. టోకెను మాత్రం ఇవ్వలేదు.

"మీకు టోకెనేంటండీ అమ్మగారూ! ఇంటి మనిషి మీరు. బయటివాళ్ళు అయిపోగానే సార్ చూసేస్తారు" అంది.

బయటివాళ్ళు అయిపోవడం ఏ ఆసుపత్రికీ శుభసూచకం కాదు. చీకటి పడేదాకా వస్తూనే ఉన్నారు. వాళ్ళు వెళ్ళేసరికి డాక్టరుగారికి నడుం పట్టేసింది. "ఇంట్లోనే ఉంటావు, ఎక్కడికి పోతావమ్మా, రేపు చూద్దాం" అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ వైద్యుడే పెరటి చెట్టయ్యాడు. మాతృమూర్తి బుగ్గన లవంగం పెట్టుకొని, కొడుకు నడుముకి కాపడం పెట్టడానికి నీళ్ళు కాచింది.

ఈలోగా సన్మానం ఏర్పాట్లు ఊపందుకున్నాయి. అమ్మ కోసం ఆ కుటుంబం అహోరాత్రులు శ్రమించింది. అమ్మతో మాట్లాడే తీరిక కూడా లేనంతగా శ్రమించింది. రెండో కొడుక్కి ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం ఉంది. అమ్మను గోడకు నిలబెట్టి ఫోటో తీసింది అతనే. అప్పటికి ఎడమ బుగ్గ బాగా వాచింది.

"భలే ఉన్నావే అమ్మా! బుగ్గలు నిండుగా వచ్చి పదేళ్ళు తగ్గావు. ఏదీ, పళ్ళు కనపడేట్టు ఒక్కసారి నవ్వు."

పళ్ళు కనపడేట్టు నవ్వడం ఆవిడ తరం కాలేదు. మాతృభక్తి ఉన్న కొడుకు ఇలాంటి చిన్న ఇబ్బందికి వెనకాడడు. ఎవరో పాతికేళ్ళ పిల్ల పలువరుస తెచ్చి కంప్యూటర్లో అమ్మ నోటికి అతికించాడు. ఆవిడ ఫ్లెక్సీ ముందు నిలబడి చాలాసేపు చూసుకుంది.

"ఇవి నా పళ్ళు కావురా" అంది.

"ఎవరు లెక్కపెడతారమ్మా?" అన్నాడు. నిజమే, ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇక కూతురు. ఎదుటివారి మాట ఓపిగ్గా వినడం ఎలాగో కంపెనీల్లో శిక్షణ ఇవ్వడం ఆవిడ ఉద్యోగం. అందులో పెద్ద పేరు. తల్లి ఫోన్ చేసి "పన్ను నొప్పే తల్లీ, నిద్ర లేదు, అన్నయ్యకి నువ్వైనా చెప్పు" అనబోతే, "పన్ను" దగ్గరే ఆపింది. "క్లాసులో ఉన్నానమ్మా. వినడం గురించే చెబుతున్నాను. తర్వాత చేస్తాను" అని పెట్టేసింది. ఆ తర్వాత నిజంగానే చేసింది, సభలో ఏ రంగు చీర కట్టుకోవాలో చెప్పడానికి.

ఆదివారం సభ కిక్కిరిసింది. ముందుగా కేకు కోశారు. అమ్మకు చల్లని కేకు తినిపించే దృశ్యం వీడియోలో సరిగ్గా పడలేదని మళ్ళీ తినిపించారు. రెండోసారి రెండో కొడుకు చెయ్యి అడ్డొచ్చింది. మూడోసారి అంతా బాగుంది కానీ ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సభలో సగం మంది కూడా కళ్ళు తుడుచుకున్నారు. తల్లి మనసు అంత సున్నితమని పక్క కుర్చీలో ఆయన నాతో అన్నాడు.

తర్వాత డాక్టరుగారు మైకు అందుకున్నారు.

"సభకు నమస్కారం. అమ్మే మనకు తొలి వైద్యురాలు! నా చిన్నప్పుడు నాకెక్కడ నొప్పో నేను నోరు తెరిచి చెప్పక్కర్లేదు. మొహం చూసి చెప్పేసేది. ఆ చూపే నాకు వారసత్వంగా వచ్చిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను!"

చప్పట్లు మోగాయి. అమ్మను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చి, "నా పన్ను..." అని దవడ పట్టుకొని ఆగింది. కూతురు గబుక్కున మైకు అందుకుంది. "అమ్మకు ఆనందంతో మాట రావడం లేదు. ఆవిడ మౌనాన్ని మనం విందాం" అంది. అందరం నిలబడి ఒక నిమిషం విన్నాం.

జ్ఞాపికగా గాజుతో చేసిన పెద్ద దవడ పన్ను బహూకరించారు. మంచి బరువుంది. ఇంత పన్ను మోయడం ఆవిడకు వారాల తరబడి అలవాటే.

అప్పుడు తల్లులకు టోకెన్లివ్వడం మొదలైంది. కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట అని వెనక ఎవరో గొణిగారు. అలాంటివాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు. మాతృమూర్తి మెల్లగా వేదిక దిగి వరసలో చివర నిలబడింది. టోకెన్లిచ్చే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, మీరు లైన్లో నిలబడితే ఏం బాగుంటుందండీ! సన్మానం మీకే కదా!"

ఆవిడను గౌరవంగా తిరిగి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ కూర్చొని ఆవిడ మిగతా తల్లుల నోళ్ళు ఒక్కొక్కటిగా తెరుచుకోవడం చూసింది. అందరి పళ్ళూ చూశాక చివరిగా డాక్టరు కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టారు, ఫోటో కోసం. కొడుకు లైటు వేసి, చిన్న అద్దం పట్టుకొని, కెమెరా వైపు తిరిగి నవ్వాడు.

"అయిపోయిందమ్మా, లే" అన్నాడు.

ఆవిడ లేవలేదు. కొడుకు మణికట్టు గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"చూడరా" అంది.

విడిపించుకోలేక చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటమ్మా, ఇంత పుచ్చిపోయింది! చీము పట్టింది! ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్పాను నాన్నా."

"ఎవరికి?"

"పళ్ళ డాక్టరుకి."

ఈ సంభాషణ వీడియోలోంచి తీసేశారు. పన్ను తీయడం మర్నాటికి వాయిదా పడింది. మర్నాడు, సన్మానం చేసి అలసిపోయారు కాబట్టి, ఆసుపత్రికి సెలవు. ఫ్లెక్సీ మాత్రం ఇప్పటికీ ఉంది. అలాంటి పళ్ళే కావాలని జనం వస్తున్నారు. "మా అమ్మవి" అని డాక్టరుగారు గర్వంగా చెబుతున్నారు.

సెలవు రోజున మాతృమూర్తి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, తనను ఎరగని ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆవిడ ఎవరికీ ఏమీ కాదు కాబట్టి అడగ్గానే టోకెనిచ్చారు. వరస రాగానే పిలిచారు. డాక్టరు కుర్రాడు, నెమ్మదస్తుడు, అద్దం తీసి వంగాడు. ఇంతలో బల్ల మీద అతని ఫోను మోగింది. చూసి ఆపేశాడు. మళ్ళీ మోగింది.

"మా అమ్మేలెండి. పొద్దుట్నుంచీ చేస్తోంది. ఇంటి మనిషేగా, తర్వాత మాట్లాడొచ్చు. మీరు నోరు తెరవండి."

ఆవిడ నోరు తెరవలేదు. దవడ గట్టిగా నొక్కిపట్టుకొని, "ముందు ఫోనెత్తు నాయనా. నేను ఆగుతాను. నాకలవాటే" అంది.

ఇంటి మనుషులను ఇలా నిర్లక్ష్యం చేసేవారిని తలుచుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మీకూ మండే ఉంటుంది. మీ అమ్మగారు నిన్న ఫోన్ చేసి ఏదో చెప్పబోయారు కదూ, ఎక్కడ నొప్పన్నారు?